ఉద్వాసన చెప్పని పుస్తకం

"పుస్తకం అట్ట ఏ రంగు?" అని అడిగింది భారతి.

"నీలం," అన్నాడు ఉమాశంకర్. ఆలోచించుకోవడానికి క్షణం కూడా తీసుకోలేదు.

"సరిగ్గా చూశారా?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ? నవమి నాడు సాయంత్రం ఆరున్నర దాటింది. ఆ గోవింద్ మూడో బీరువా తలుపు తీశాడు. రెండో అరలోంచి నీలం అట్ట పుస్తకం లాగి సంచిలో పెట్టుకున్నాడు. నేను ఇదే గుమ్మంలో ఉన్నాను. అతను నన్ను చూడలేదు, నేను అతన్ని చూశాను. పోలీసులకి కూడా ఇదే రాసిచ్చాను."

పుస్తకాల గది బయట భారతి కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆమె కదిలినప్పుడల్లా అది నేలకి కొట్టుకుంటోంది. కుదురుగా కూర్చోవడం భారతి వల్ల ఏనాడూ కాలేదు, ఇవాళ అసలే కాదు. శ్రీకాకుళంలో మందుల షాపు మేడ మీద డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకుని, ఏడాది పొడుగునా పెళ్లికొడుకుల గుణగణాలు ఆరా తీసే మనిషికి తల పగిలిన కేసు రావడమే అరుదు. వచ్చిన ఒక్క కేసుకీ సాయంత్రం దాకానే గడువు.

సంగతి ఇదీ. నెల్లిమర్లలో గోనెసంచుల వ్యాపారం చేసి, వయసు మీదపడ్డాక కొట్టు మూసేసి పుస్తకాల్లో పడ్డ భీమశంకరరావు నవమి నాటి సాయంత్రం తన పుస్తకాల గదిలో తల పగిలి పడిపోయారు. నాలుగు రోజులైనా విజయనగరం ఆస్పత్రిలో స్పృహ లేకుండానే ఉన్నారు. ఆయన ఫోను కనపడలేదు. 'తెప్పల శాస్త్రం' అనే పాత పుస్తకమూ కనపడలేదు. సముద్రం మీద గాలి ఎటు తిరిగితే తెప్పని ఎటు తిప్పాలో ఎప్పటివాళ్లో జాలరులు చెబుతుంటే ఎవరో రాసుకుని అచ్చు వేయించిన పుస్తకం అది. ఇంకో ప్రతి ఎక్కడా లేదంటారు.

ఆ పుస్తకం కోసం రెండేళ్లుగా తపించిపోతున్నవాడు గోవింద్. పూసపాటిరేగ దాటాక సముద్రపు ఒడ్డు పల్లె వాళ్లది. తల్లి గున్నమ్మ ఎండుచేపలు కట్టడానికి ఈ కొట్లోనే గోనెలు కొనేది. వెంట వచ్చే కొడుకు గోనెల మీద కూర్చుని ముసలాయన పుస్తకాలు చదివేవాడు. పెద్దయ్యి ఎచ్చెర్లలో ఎం.సి.ఏ. చదివి, ఆ రుణం తీర్చుకోవడానికన్నట్టు ఆయన పుస్తకాలకి ఒక వెబ్ యాప్ చేసి పెట్టాడు. దాని పేరు 'మా బీరువా'. ఫోనులో తెరిచి పేరు కొడితే చాలు, అట్ట ఫొటో చూపించి ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెబుతుంది. ఎరువిస్తే ఎవరికి ఇచ్చారో దాచి ఉంచుతుంది. అడిగిన పుస్తకం దొరక్కపోతే మాత్రం 'లేదు' అనదు. వ్యాపారస్తుడి ఇంట్లో లేదన్న మాట వినపడకూడదని భీమశంకరరావు పట్టుబట్టి, అక్కడ 'రేపు రండి' అని రాయించుకున్నారు.

ఇప్పుడు ఆ యాపే గోవింద్ మెడకి చుట్టుకుంది. నవమి సాయంత్రం ఆరూ యాభైకి భీమశంకరరావు పేరు మీద అందులో ఒక మాట చేరింది. 'తెప్పల శాస్త్రం, గోవింద్‌కి ఎరువు.' ఆ తర్వాత పావుగంటకే కాంతమ్మ భర్తని రక్తంలో చూసింది. నిన్న సాయంత్రం గోవింద్‌ని స్టేషనుకి తీసుకుపోయారు. ఇవాళ సాయంత్రం లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టి జైలుకి పంపేస్తారు. అక్కడినుంచి బయటపడటానికి ఎన్ని నెలలు పడుతుందో ఆ పైడితల్లికే తెలియాలి.

పొద్దున్నే గున్నమ్మ శ్రీకాకుళం వచ్చి భారతి గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు. "నా గుంటడు సేపని సంపుతాడు గానీ మనిసిని సంపడమ్మా," అంది. "ఆ ముసిలిబాబు కళ్లిప్పి ఒక్క మాట సెప్పినాడంటే నా కొడుకు బయటికొచ్చేస్తాడు. నాను ఎల్లి ఆస్పటల్ కాడే కూకుంటాను. నువ్వు నీ పని సూడు." వచ్చిన బస్సు వెనక్కి తిరిగేలోపే ఎక్కి వెళ్లిపోయింది.

భారతి ఉమాశంకర్ ముఖంలోకి చూసింది. భీమశంకరరావుకి మేనల్లుడు. విశాఖపట్నంలో ఉంటాడు. నవమి నాడు మధ్యాహ్నం దిగాడట. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం. చెప్పిందంతా అప్పజెప్పిన పాఠంలా ఉంది. బీరువా నంబరు తప్పలేదు, అర తప్పలేదు, రంగు తప్పలేదు. చూసినవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు. ఇతను తడబడకపోవడమే ఆమెకి నచ్చలేదు. నచ్చనప్పుడు ఒక రాయి వేసి చూడటం ఆమెకి అలవాటు.

"మీ మావయ్యగారు పొద్దున్న కళ్లు తెరిచారు, తెలుసా?" అంది.

అది అబద్ధం. డాక్టరు ఫోనులో చెప్పింది వేళ్లు కదిపారని, అంతే.

కారు తాళం తిప్పుతున్న వేళ్లు ఆగిపోయాయి. "మాట్లాడారా?"

ఎలా ఉన్నారని కాదు. మాట్లాడారా అని. భారతికి లోపల దీపం వెలిగినట్టయింది.

"ఇంకా లేదు. సాయంత్రానికి మాట్లాడొచ్చన్నారు డాక్టరుగారు."

"అయితే నేనొకసారి వెళ్లి చూసొస్తాను," అని లేచాడు ఉమాశంకర్. "అత్తయ్యకి చెప్పండి." నుదుటి మీద చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. వీధిలో కారు కదిలిన చప్పుడు విని భారతి లోలోపల మురిసిపోయింది. ఆపి ఉండాల్సింది. ఆపలేదు. తన తెలివికి తానే ముగ్ధురాలైన మనిషికి ఎదుటివాడు ఎక్కడికి పోతున్నాడో పట్టదు.

ఆమె పుస్తకాల గదిలోకి వెళ్లింది.

గోనెల కొట్టు వెనక గది అది. ఇప్పటికీ జనపనార వాసన పోలేదు. గోడకి వరసగా నాలుగు చెక్క బీరువాలు. మూడోదాని ముందు నిచ్చెన పడి ఉంది, దాని పక్కన నేల మీద పోలీసులు సుద్దతో గీసిన గీత ఉంది. భారతి ఆ గీతని దాటి మూడో బీరువా తెరిచింది. రెండో అరలో పుస్తకాల మధ్య ఒక్క పుస్తకమంత సందు. ఉమాశంకర్ చెప్పినట్టే ఉంది. సందు ముందు చెక్క అంచు మీద పసుపుతో పెట్టిన బొట్టు ఒకటి ఎండి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది.

పండగకి ఇంటి గడపలకి పెట్టినట్టు బీరువాలకీ పెట్టారేమో అనుకుంది మొదట. కానీ గడపకి పెట్టేవాళ్లు బీరువా తలుపుకి పెడతారు గానీ లోపల ఒక అర మీద ఒకే ఒక బొట్టు ఎందుకు పెడతారు? ఆలోచన తెగలేదు. చేతులు ఊరుకోక మొదటి బీరువా తెరిచింది. అడుగు అరలో ఒక పుస్తకమంత సందు. దాని ముందు పసుపు బొట్టు.

రెండోది తెరిచింది. అక్కడా అంతే. నాలుగోది తెరిచింది. పై అరలో సందు, పసుపు బొట్టు.

భారతి ఫోను తీసి యాప్ తెరిచింది. పొద్దున్న స్టేషనులో గోవింద్ ఆమె నంబరు కూడా అందులో చేర్చాడు. మొదటి బీరువా, రెండోది, నాలుగోది, ఒక్కొక్కటీ చూసింది. ఆ మూడింటిలో ఏ పుస్తకమూ ఎవరికీ ఇవ్వలేదు. యాప్ లెక్కన అన్నీ అరల్లోనే ఉన్నాయి. ఎదురుగా మాత్రం సందులున్నాయి.

"ఏటి భారతీ, పెళ్లికొడుకులు అయిపోయారా? హంతకుల్లోకి దిగినావు."

సబ్ ఇన్‌స్పెక్టర్ పోతురాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచిలో కానిస్టేబుళ్లుగా చేరారు. అతను పరీక్షలు రాసి పైకెళ్లాడు. ఆమె పై అధికారి నోటిదురుసు పడలేక బెల్టు బల్ల మీద పెట్టి వచ్చేసింది. అప్పటినుంచీ ఎదురుపడితే ఒకరినొకరు గీరుకోకుండా పోరు.

"హంతకుడంటావేటి? మనిషి బతికే ఉన్నాడు కదా."

"బతికుంటే మంచిదే. కేసు మాత్రం ఇవాళ్టితో ఆఖరు. రేపు పైడితల్లమ్మ సిరిమాను జాతర. నా స్టేషనంతా విజయనగరం బందోబస్తుకి పోవాలి. మధ్యాహ్నం గోవింద్‌ని కోర్టుకి తీసుకుపోతున్నాను. నువ్వు ఇక్కడ బీరువాలు తుడుస్తావో, కడుగుతావో నీ ఇష్టం."

"దొంగ తన పేరు తనే రాసి పోతాడా పోతురాజూ?"

"వాడు రాయలేదు. ముసలాయన రాశాడు." అతను తన ఫోనులో యాప్ తెరిచి ఆమె ముక్కు ముందు పెట్టాడు. "ఇదిగో, ఎరువు ఇచ్చాడు. తర్వాత మనసు మారి తిరిగిచ్చెయ్యమన్నాడు. వాడు ఇవ్వనన్నాడు. పెనుగులాట. తోసేశాడు. ఫోను కూడా పట్టుకుపోయాడు. కంప్యూటరు అబద్ధం ఆడదమ్మా."

"ఆడదు. ఎవడేది రాస్తే అదే పట్టుకుని కూర్చుంటాది. సరే, ఈ యాప్ కట్టింది గోవింద్. తన పేరు చెరిపెయ్యడం వాడికి చిటికెలో పని. నాలుగు రోజులు ఎందుకు ఉంచుకున్నాడు?"

పోతురాజు గడ్డం గోక్కున్నాడు. "కంగారులో మర్చిపోయాడు."

"ఆ సాయంత్రం పుస్తకం అడిగితే దశమి వెళ్లాక రమ్మన్నారని గోవింద్ చెప్పాడు. దానికేటంటావు?"

"ఇవ్వనని మొహం మీద చెప్పలేక అలా అన్నాడు. వాడికి కోపం వచ్చింది. నీకు తెలీదా, ఈ ఊళ్లో అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలే మాయం. ఎవణ్ణడిగినా నేను కాదనే అంటాడు."

"నువ్వు ఎన్ని బీరువాలు తెరిచావు?"

"పోయింది మూడోదాంట్లో అయితే మిగతావి ఎందుకు తెరుస్తాను?"

భారతి మిగతా మూడు తలుపులూ తీసి పట్టుకుంది. పోతురాజు వంగి చూశాడు, లేచాడు, మళ్లీ వంగాడు.

"అయితే నాలుగు పుస్తకాలు కొట్టేశాడన్నమాట," అన్నాడు చివరికి. "ఇంకా మంచిదే."

"కొట్టేసి, వెళ్తూ వెళ్తూ అరకి పసుపు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని పోయాడా? నీ తల్లి ఎప్పుడైనా దసరాకి పూజ చేసిందా పోతురాజూ? ఆ ఇంట్లోనే పెరిగావా నువ్వు?"

అతని మొహం ఎర్రబడింది. అతనికి కూడా ఏదో తట్టింది గానీ ఒప్పుకునే మనిషి కాదు. భారతి అప్పటికే గది దాటి లోపలి వసారాలోకి నడిచింది.

పూజ గది గడపకి అడ్డంగా చాప వేసుకుని కూర్చుని ఉంది కాంతమ్మ. నాలుగు రోజులుగా ఆవిడ పగలంతా అక్కడే. వేళకి ఆస్పత్రికి వెళ్లి వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంటోంది. లోపల పీట మీద పసుపు గుడ్డ కప్పిన మూట, దాని ముందు దీపం.

"కాంతమ్మగారూ, బీరువాకి ఒక పుస్తకం చొప్పున లేదు. ఎక్కడున్నాయండీ?"

"అవా? అమ్మవారి కాడున్నాయి," అంది కాంతమ్మ. ఎవరైనా ఇంతకుముందే అడిగి ఉంటే అప్పుడే చెప్పేదన్నట్టుగా అంది. "ఇన్ని పుస్తకాలు మోసుకొచ్చి పూజలో పెట్టలేం కదమ్మా. మూలా నక్షత్రం నాడు ఒక్కో బీరువా తరపున ఒక్కోటి తెచ్చి పెడతారు ఆయన. కొట్టున్నప్పుడు తక్కెడా, గోనెలు కుట్టే దబ్బనమూ పెట్టేవారు. ఇప్పుడూ పెడతారు. పుస్తకం తీసిన చోట పసుపు బొట్టు పెట్టొస్తారు, మళ్లీ అక్కడికే చేర్చాలని."

"యాప్‌లో రాయరా?"

"అమ్మవారికి ఎరువిచ్చామని రాసుకుంటారేటి ఎవరైనా?"

వెనక పోతురాజు గొంతు సవరించుకున్నాడు. భారతి వెనక్కి తిరగలేదు.

"ఈ ఏడాది మూడో బీరువాలోంచి ఏ పుస్తకం పెట్టారో తెలుసా అమ్మా?"

"నాకెలా తెలుస్తాది? ఆయనే తెచ్చి, ఆయనే గుడ్డ కప్పేస్తారు. కప్పాక దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టకూడదు."

"దశమి వెళ్లి మూడు రోజులైంది కదండీ."

కాంతమ్మ దీపంలో ఒత్తి ఎగదోసింది.

"పుస్తకం కోసం పల్లె అంతా వెతికారు కదా, ఈ గది వెతకలేదా?" అని పోతురాజుని అడిగింది భారతి.

"పెద్దావిడ గడప దాటనివ్వలేదు." అతని గొంతు కాస్త తగ్గింది. "ఆవిడ ఒప్పుకున్నా నేను ముట్టను. ఉద్వాసన చెప్పని పీట కదిపి ఆ పాపం ఎవడు మోస్తాడు? నాకూ పిల్లలున్నారు."

నవ్వాలో తిట్టాలో భారతికి తెలియలేదు. గోవింద్ ఇంటి కప్పు పీకి చూశారు. పల్లెలో ఎండుచేపల బుట్టలన్నీ బోర్లించారు. నూతిలోకి మనిషిని దింపారు. అమ్మవారి పీట జోలికి మాత్రం ఒక్కడూ పోలేదు. ఆమె అయినా పోయేదా అంటే, ఏమో, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేదు.

ఆమె కాంతమ్మ పక్కన చాప మీద కూర్చుంది. "అమ్మా, ఆ గుడ్డ ఒక్కసారి తీసి చూడాలి."

"తియ్యకూడదు."

"ఉద్వాసన మీరు చెప్పొచ్చు కదా? ఇంటి ఇల్లాలు మీరు."

"చెప్పొచ్చు." కాంతమ్మ కళ్లు దీపం మీదే ఉన్నాయి. "నలభై ఆరేళ్లుగా ఆయనే చెప్పారు. దశమి నాటికి లేచి వస్తారనుకున్నాను. రాలేదు. మర్నాడు వస్తారనుకున్నాను. ఇప్పుడు నా చేత్తో ఆ పీట కదిపితే, ఇంక ఆయన రారని నేనే ఒప్పేసుకున్నట్టు కాదా అమ్మాయ్? నేను ఒప్పుకోను. అమ్మవారు ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఆయనా ఉంటారు."

ఇలాంటి చోట వాదించడం భారతికి చేతకాదు. బయట గోడ గడియారం పన్నెండు కొట్టింది. పోతురాజు బూట్లు విప్పి పక్కన పెట్టి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"మీ ఆయన కోసం మీరు ఇక్కడ కూర్చున్నారు," అంది భారతి చివరికి. "గున్నమ్మ తన కొడుకు కోసం ఆస్పత్రిలో మీ ఆయన గది ముందు కూర్చుంది. ఆయన లేవాలని మీరు ఎంత మొక్కుతున్నారో ఆవిడా అంతే మొక్కుతోంది. ఆ పుస్తకం ఈ గుడ్డ కింద ఉంటే గోవింద్ దొంగ కాడు. లేకపోతే నేను లేచి వెళ్లిపోతాను, మళ్లీ అడగను."

కాంతమ్మ పసుపు గుడ్డ వైపు తిరిగింది.

"గోవిందు ఎప్పుడొచ్చినా కాళ్లు కడుక్కుని గానీ పుస్తకం పట్టుకోడు," అంది తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు. "ఆయన ఏ మాట రాయిస్తే ఆ మాటే వస్తాదట ఆ ఫోనులో. ఆయనకి చేతులు పట్టుకుని నేర్పాడు."

లేచింది. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చింది. హారతి ఇచ్చింది. పెదాలు కదిలాయి గానీ ఏమన్నదో వినపడలేదు. పీటని రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా ఉత్తరం వైపు జరిపింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత పసుపు గుడ్డ తీసింది.

ఇత్తడి తక్కెడ. దాని మీద దబ్బనం. కింద నాలుగు పుస్తకాలు. మూడోదాని అట్ట ఎర్ర కాలికో గుడ్డతో కొత్తగా కట్టించి ఉంది. కాంతమ్మ దాన్ని కళ్లకద్దుకుని తెరిచింది. మొదటి పేజీ మీద చిన్న తెప్ప బొమ్మ, దాని పైన పెద్దక్షరాలతో 'తెప్పల శాస్త్రం'.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"ఎర్ర అట్ట," అంది భారతి. "ఉమాశంకర్ నీకు రాసిచ్చిన కాగితంలో ఏ రంగుంది?"

పోతురాజు కాగితం తీయలేదు. అతనికి నోటికి వచ్చు. ఫోనులో యాప్ తెరిచి పుస్తకం ఫొటో చూశాడు. అక్కడ అట్ట నీలం రంగులోనే ఉంది.

"శ్రావణంలో చెద తగిలితే బైండింగుకి ఇచ్చారు," అంది కాంతమ్మ. "ఫొటో మార్చమని గోవిందుకి చెప్పాలి, చెప్పాలి అంటూనే పండగొచ్చేసింది."

"అతను చూసింది పుస్తకాన్ని కాదు, ఈ ఫొటోని," అంది భారతి. లేచి నిలబడి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. "యాప్ చూసుకుని నేరుగా మూడో బీరువాకి పోయాడు. అక్కడ సందు తప్ప ఏం లేదు. మూలా నక్షత్రం నాడు అతను ఈ ఇంట్లో లేడు కాబట్టి ఎందుకు లేదో తెలీదు. ముసలాయన దాచేశాడనుకుని నిలదీశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలుసు. పెద్దాయన ఫోను తీసుకుని గోవింద్ పేరు మీద ఎరువు రాసింది మాత్రం అతనే. కాంతమ్మగారూ, అతనికి ఆ పుస్తకం ఎందుకు కావాలి?"

కాంతమ్మ తలవంచుకుంది. "హైదరాబాదులో ఎవరికో అమ్ముతానని మాటిచ్చాడట. దసరా ముందునుంచీ అవే ఫోన్లు. ప్రాణం పోయినా ఇవ్వనన్నారు ఈయన. ఆడపడుచు కొడుకు కదా అని నేను నోరు మూసుకున్నాను. మీ దగ్గర దాచాను. నాదే తప్పు."

"దొంగతనం కాదని తేలిపోయింది, ఒప్పుకుంటాను," అన్నాడు పోతురాజు. ఆ మాట అతని నోట్లోంచి రావడానికి నానా తంటాలూ పడింది. "కానీ తల పగలగొట్టింది ఎవరు? ఉమాశంకర్ అబద్ధం చెప్పాడు. అబద్ధం చెప్పినవాడల్లా తోసినవాడు కాడు. ఆ సాయంత్రం గోవింద్ కూడా ఇక్కడికి వచ్చాడు, వాడే చెప్పాడు. ముసలాయన నోటంట మాట వస్తే తప్ప నేను వాణ్ని వదల్లేను భారతీ. ఆయన ఒక్కడే సాక్షి."

ఆయన ఒక్కడే సాక్షి. భారతి నడక ఆగిపోయింది.

మీ మావయ్యగారు కళ్లు తెరిచారు. సాయంత్రానికి మాట్లాడొచ్చు. ఆ మాట అన్నది తనే. కావాలని, అబద్ధమని తెలిసీ, ఎదుటివాడి మొహంలో రంగు మారడం చూడటానికి అన్నది. నోరా వీపుకి తేకే అని అమ్మమ్మ ఊరికే అనలేదు. ఈసారి దెబ్బ పడేది తన వీపు మీద కాదు.

"ఆస్పత్రిలో గది ముందు నీ కానిస్టేబుల్ ఉన్నాడు కదా?" అని అడిగింది.

"పొద్దున్న సిరిమాను డ్యూటీకి పంపించేశాను. నిన్ననే ఐసీయూలోంచి మామూలు గదిలోకి మార్చారు కదా, ఇంక ఎందుకని..." పోతురాజు మాట మధ్యలో ఆపి తన చేతిలోని ఫోను వైపు చూశాడు. "భారతీ, ఇదేటి?"

యాప్‌లో ఎవరు ఉంటే వాళ్ల పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. పోతురాజు పేరు పక్కన వెలుగుతోంది. దాని పైన ఇంకో పేరు, ఇంకో పచ్చ చుక్క.

భీమశంకరరావు.

స్పృహ లేని మనిషి యాప్‌లో ఉన్నాడు. పేరు కింద ఆయన వెతికిన మాట కూడా కనపడుతోంది. 'తెప్ప'. కాసేపటికి అది 'తెప్పల'గా మారింది. ఆ ఫోను ఎవరి దగ్గర ఉందో వాడు ఇంకా ఆ పుస్తకం కోసం వెతుకుతూనే ఉన్నాడు.

భారతి గున్నమ్మ నంబరు కలిపింది. రెండు రింగులకే ఎత్తింది.

"గున్నమ్మా, ఎక్కడున్నావు?"

"ఆస్పటల్ కాడే ఉన్నాను తల్లీ. బాబు గది ముందు."

"గదిలో ఎవరున్నారు?"

"మేనల్లుడుబాబు ఒక్కడే. ఇందాకా కార్లో వొచ్చినాడు. నాను లోపల కూకుంటే సేపల కంపు కొడతన్నానని లెగమన్నాడు. నర్సమ్మని ఏటో మందు తెమ్మని కిందకి అంపేసినాడు."

"చేతిలో ఏముంది అతనికి? చూశావా?"

"రెండు ఫోన్లున్నాయి. నన్ను లెగమన్నప్పుడు ఒకటి పక్కనెట్టి రెండోది నొక్కుతన్నాడు. ఏటమ్మా, అలగడుగుతన్నావు? నా గుంటణ్ని వొదిలేసినారా?"

"గున్నమ్మా, లోపలికెళ్లు. ఇప్పుడే వెళ్లి ఆయన పక్కన నిలబడు."

"ఎలగెల్తాను? తలుపేసి లోపల గెడెట్టేసుకున్నాడు."

పోతురాజు అప్పటికే బూట్లు చేత్తో పట్టుకుని వీధిలోకి పరుగెత్తుతున్నాడు. జీపు ఎంత తోలినా విజయనగరం చేరడానికి ఇరవై నిమిషాలు. కాంతమ్మ పీట పక్కనే నిలబడి, ఇందాక తన చేత్తో జరిపిన పీటనీ భారతి మొహాన్నీ మార్చి మార్చి చూస్తోంది.

"గున్నమ్మా, విను. మీవాడి కోసం అడుగుతున్నాను. తలుపు బద్దలు కొట్టు."

ఎందుకని గున్నమ్మ అడగలేదు. ఫోనులో బుట్ట కిందపడ్డ చప్పుడు వినపడింది. తర్వాత తలుపు మీద ఒళ్లు పడిన చప్పుడు, ఎవరో నర్సు అరుపు, మళ్లీ తలుపు.

పోతురాజు హడావుడిలో వదిలేసిన ఫోను పూజ గది గడప మీద వెలుగుతూ ఉంది. భారతి వంగి చూసింది. భీమశంకరరావు పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది. అంటే ఉమాశంకర్ ఫోను పక్కన పెట్టేశాడు, ఇప్పుడు అతని చేతులు రెండూ ఖాళీ.